దుమ్ముగూడెం బాకీ

జంపక్క ఇంట్లో డబ్బులు మూడు డబ్బాల్లో ఉంటాయి. ఉప్పుకూ నూనెకూ సబ్బులకూ ఒకటి, కూతురు నాగలక్ష్మి చదువుకు ఒకటి, దుమ్ముగూడెం బాకీకి ఒకటి. మిరపకోతలకు పెనుబల్లి వైపు పోయి నెలన్నరపాటు చేతులు మండించుకుని తెచ్చిన కూలయినా, ఎండల్లో బీడీల తునికాకు కోసి యాభై ఆకులకో కట్ట చొప్పున కల్లంలో అప్పజెబితే వచ్చిన డబ్బయినా, ముందు ఆ మూడో డబ్బాలో పడాల్సిందే. ఆ తర్వాతే కూర సంగతి. ఆ డబ్బా వెలితిగా ఉంటే ఆమె మొగుడు పగిడయ్యకు అన్నం సహించదు. పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంటి తీరు ఇదే.

ఇంతకీ ఆ బాకీ ఎవరికి? జంపక్కకు తెలియదు. నవ్వకండి, నిజంగానే తెలియదు. కాపురానికి వచ్చిన కొత్తలో అడిగింది. "మా అయ్య చేసిన అప్పు. దుమ్ముగూడెం కాడ కట్టాలె," అన్నాడు పగిడయ్య. అంతే, నోటికి తాళం పడింది. అసలే మాటలు పొదుపుగా వాడే మనిషి. పోనీలే అని ఊరుకుంది గానీ, ఊరుకోవడం ఆమె వల్ల అయ్యే పనా? నాలుగు రోజులాగి మళ్లీ మొదలుపెట్టింది.

"వడ్డీ ఎంత?"

"వడ్డీ లేదు."

"కాయితం ఉందా?"

"లేదు."

"వడ్డీ లేకుంట, కాయితం లేకుంట అప్పిచ్చే సేటు ఈ జిల్లాల ఎవడున్నడయ్యా?"

"ఉన్నడు. మంచోడు," అని భుజాన తువ్వాలు వేసుకుని బయటికి నడిచాడు పగిడయ్య.

మంచోడట! అప్పు కట్టడానికి పోయిన మనిషి ఇంటికెట్లా రావాలి? మొహం వేలాడేసుకుని రావాలి. ఈయన ఏటా కోడికూర తిని, చేతిలో ఎండుచేపల పొట్లంతో వచ్చేవాడు. ఎక్కడ తిన్నావంటే అప్పిచ్చినాయన పెట్టాడనేవాడు. బాకీ తీసుకుని కూర పెట్టి పంపే సేటు ఎవడో, వాడికి ఇందులో లాభమేమిటో జంపక్క ఎంత నెత్తి గోక్కున్నా అంతుచిక్కేది కాదు. అర్థం కాని మనిషిని ఏం చేస్తాం? తిడతాం. ఆమె కూడా ఆ పనే చేసింది, మనసారా చేసింది.

ఎవరి ముందు తిట్టిందనుకున్నారు? ఎక్కువగా అన్న వీరబాబు ముందు. అతనిది దుమ్ముగూడెం అవతల గోదారి ఒడ్డున గూడెం. ఏడాదికి రెండుసార్లు చెల్లెల్ని చూసిపోవడానికి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఆమె కోడిని కోసి వండి, ఎదురుగా కూర్చుని, ఆ అప్పులవాణ్ణి ఏకిపారేసేది. "వాని చేతులు పడిపోను! నా బిడ్డ నోటికాడి పాలు తాగుతుండు. వాని ఇల్లు ఉప్పెనల పోను!" వీరబాబుకు పొలమారేది. నీళ్లు తాగి, "పోనీలే చెల్లె, గట్ల తిట్టకు," అనేవాడు. అన్న మనసు వెన్న అని ఆమె మురిసిపోయేది.

ఈ ఏడు మే నెలలో తునికాకు మోపుతో వాగు దిగుతూ పగిడయ్య జారిపడ్డాడు. భద్రాచలం దవాఖానాలో కాలికి సిమెంటు కట్టు వేసి, నెలన్నర కదలొద్దన్నారు. కట్టు నొప్పి కన్నా అతన్ని వేరే దిగులు తినేస్తోంది. పొద్దున లేస్తే ఒకటే పాట. "ఈ ఏడు రెండింతలు కూలికి పోతే డబ్బాల పదహారు వేలయినయి. ఈ పదహారుతోని బాకీ తీరిపోతది. జల్దీ కట్టాలె. విత్తనాల పండుగ లోపలనే కట్టాలె."

జంపక్క గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే డబ్బాలో పదహారు లేవు, పది ఉన్నాయి. నాగలక్ష్మి ఇంటరు పాసయింది. కొత్తగూడెంలో నర్సింగు సీటు వచ్చింది. మూడు వారాల కింద ఆరు వేలు అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతుందన్నారు. చదువు డబ్బాలో చిల్లర తప్ప లేదు. బాకీ డబ్బా మూత తీసి ఆరు వేలు లెక్కపెట్టి పిల్ల చేతిలో పెట్టింది జంపక్క. ఇన్నేళ్లు ఆగిన సేటు ఇంకో ఏడు ఆగలేడా, చస్తాడా? మొగుడికి చెప్పలేదు. చెబితే ఏమంటాడో తెలుసు.

"నేను పోయి కట్టొస్త," అంది.

పగిడయ్య మంచం మీద లేవబోయాడు. "నువ్వద్దు!"

"ఎందుకు? నా కాళ్లు బాగనే ఉన్నయి గద?"

అతను ఇంటికప్పు వైపు చూశాడు. కట్టు వైపు చూశాడు. వేరే దారి కనపడలేదు కాబోలు, చివరికి నసిగాడు. "సీతయ్య తాత చేతికి ఇయ్యి. ఏం అడగకు. ఇచ్చి వచ్చెయ్."

"ఏ సీతయ్య తాత?"

"మీ ఊరి సీతయ్య తాత."

జంపక్క నోరు వెళ్లబెట్టింది. సీతయ్య తాత ఆమె పుట్టింటి గూడెం పెద్ద. చిరిగిన బనీను, చేతిలో కర్ర, ఇంట్లో రెండు మేకలు. ఆ తాత ఎవరికైనా అప్పిచ్చాడంటే మేకలు కూడా నవ్వుతాయి. తాతేమో మంచోడే, కోడికూర పెట్టేవాడే. కానీ ఆయనకు డబ్బెక్కడిది? వియ్యమందకముందే మామ ఆయన దగ్గర అప్పెట్లా చేశాడు? భద్రాచలంలో బస్సెక్కి దుమ్ముగూడెంలో దిగేదాకా ఆలోచిస్తూనే ఉంది. ఆలోచించిన కొద్దీ చిక్కుముడి బిగుసుకుంటోంది తప్ప వదలడం లేదు. ఆటో కిరాయి ఇరవై అంటే ముప్పై ఇచ్చి దిగిపోయింది. ఆమె జన్మలో అట్లాంటి తప్పు ఎప్పుడూ చేయలేదు.

సీతయ్య తాత వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి ముందు నవ్వాడు, తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"పగిడయ్య రాలే?"

"కాలిరిగింది తాతా. పైసలు నేనే తెచ్చిన. ఇచ్చేముందు ఒక మాట అడుగుత. మా మామ నీ దగ్గర ఎప్పుడు అప్పు చేసిండు? దేనికి చేసిండు?"

"మీ మామనా? నా దగ్గర ఏముందని అప్పు చేస్తడు బిడ్డా?"

"మరి ఈ పైసలు?"

"నాకు కాదు. నా చేతుల మీదుగ మీ అన్నకు."

"మా అన్న దగ్గర మా మామ అప్పు చేసిండా?"

"అయ్యో పిచ్చి బిడ్డా," అన్నాడు తాత కర్ర పక్కన పెట్టి. "ఎవడూ అప్పు చెయ్యలే. ఇది నీ ఓలి."

పిల్లను చేసుకున్నందుకు పిల్లవాడి ఇంటివాళ్లు పిల్ల పుట్టింటికి ఇచ్చుకునేది ఓలి. ఆ అడవి ఊళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలిసిన మాటే. జంపక్కకు తెలియక కాదు. ఆమెకు అర్థం కానిది వేరు. తను ఓలి లేకుండా వచ్చిన మనిషి కదా! పద్దెనిమిదేళ్ల వయసులో పెనుబల్లి దగ్గర మిరపచేలో పక్క సాలులో కాయలు కోస్తున్న పగిడయ్యతో వెళ్లిపోయింది. పెద్దలు కూర్చున్నప్పుడు అందరి ముందూ లేచి, "నాకు ధర కడితే గోదాట్ల దుంకుత," అని అరిచింది. పెద్దలు కిమ్మనలేదు. మేకను కోశారు, తలో గ్లాసు తాగారు, అయిపోయిందన్నారు. అప్పటినుంచీ ఆ సంగతి ఆమె ఎక్కడ పడితే అక్కడ గర్వంగా చెప్పుకుంది. మహిళా సంఘం మీటింగుల్లో కూడా చెప్పింది!

"నువ్వు ముందు బయల్దేరి పోయినంక మళ్ల కూసున్నం," అన్నాడు తాత. "అరవై వేలు అనుకున్నం. మీ అన్న పెండ్లి కూడ అప్పుడే గద, మీ వదిన శారద ఓలికి మీ అయ్య దగ్గర పైస లేదు. నీకు చెప్తే నువ్వు నిజంగనే దుంకుతవని మీ అయ్య భయపడ్డడు. పగిడయ్య ఒట్టేసిండు, నీకు తెల్వనియ్యనని."

ఆయన లేచి ఇంట్లో దూలానికి కట్టి ఉన్న తాడు పట్టుకొచ్చాడు. వేయికి ఒక ముడి. అరవై ముడుల్లో ఏడాదికి రెండో మూడో విప్పుకుంటూ వచ్చాడు. ఇంకా పదహారు మిగిలాయి. జంపక్క ఆ తాడును చేతిలోకి తీసుకుని చూసింది. ఇది తనా? ఇది తన ధరా? కోపం రావాలి కదా, వస్తోంది కూడా. కానీ ఎవరి మీద? చచ్చిపోయిన నాయన మీదా? ఒట్టు నిలబెట్టుకున్న మొగుడి మీదా? గోదాట్లో దూకుతానని బెదిరించిన తన మీదా? ఎటు తిరిగినా ఏదో ఒక కారణం అడ్డం వస్తోంది. కోపానికి దిగే చోటు దొరకలేదు.

"పది వేలే తెచ్చిన," అంది చివరికి. "ఆరు తక్కువ. వచ్చే ఏడు ఇస్త."

తాత మొహం మాడిపోయింది. "వచ్చే ఏడు కుదరదు బిడ్డా. మీ అయ్య పోయేటప్పుడు గడువు పెట్టిండు. నీ బిడ్డకు పద్దెనిమిది నిండినంక వచ్చే విత్తనాల పండుగకు ఓలి ముట్టకపోతే, పిల్ల మేనమామ ఇంటి కోడలు. మొన్ననే వీరబాబు అడిగిండు, కొడుకు కోటేష్‌కు ఖాయం జేద్దామా అని. పండుగ ఇంక ఇరవై రోజులు."

జంపక్క తాడు ఒళ్లో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. పగిడయ్య కట్టు కాలితో ఎందుకు కొట్టుకుంటున్నాడో ఇప్పుడు తెలిసింది. అతను కడుతోంది పెళ్లాం కోసం కాదు, పిల్ల కోసం. తనేమో అదే పిల్ల కోసం అదే డబ్బాలోంచి ఆరు వేలు తీసింది. పిల్లను చదివించుకుందామని తీసిన డబ్బే పిల్లను అత్తగారింటికి పంపేట్టుంది. ఇదెక్కడి లెక్క దేవుడా అనుకుంది. ఎట్లా కూడినా, ఎట్లా తీసేసినా తప్పు ఎక్కడ జరిగిందో కనపడలేదు.

వీరబాబును పిలిపించారు. వెనకే అతని భార్య శారద వచ్చింది. చెల్లెలు ఒళ్లో తాడు చూడగానే వీరబాబు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అన్నా, ఒక్కటే అడుగుత," అంది జంపక్క. "నా ఇంట్ల నేను అప్పులోన్ని తిడుతుంటె నువ్వేం తింటున్నవ్?"

వీరబాబు కిందికి చూశాడు. "కోడికాలు," అన్నాడు.

ఆమె కోయ భాషలోకి దిగింది. కోపం ముదిరితే ఆమె తెలుగు వదిలేస్తుంది. అప్పుడన్న మాటలు ఇక్కడ రాస్తే బాగుండదు కనుక వదిలేస్తున్నాను. తిట్టి తిట్టి అలసిపోయాక మళ్లీ తెలుగులోకి వచ్చింది. "నా పైసలు ఏం జేసినవ్?"

"నా దగ్గర నిల్వలే చెల్లె. శారద ఓలి బాకీకి వాళ్లింటికి పోయినయి."

శారద తలొంచుకుని అంది, "మా ఇంట్ల కూడ నిల్వలే. మా తమ్ముడు వాని పెండ్లాం ఓలికి కట్టిండు."

జంపక్క ముగ్గురి మొహాలూ చూసింది. పంతొమ్మిదేళ్ల మిరప మంట, తునికాకు ఎండ ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి పోయి, అక్కడినుంచి మరో ఇంటికి పోయాయి. ఒక్కచోట కూడా ఆగలేదు. మరి తిన్నదెవరు? ఎవరూ బాగుపడినట్టు లేదే! వీరబాబు ఇంటి మీద ఇప్పటికీ రేకులే.

"సరే, పిల్లనెందుకు అడిగినవ్?"

"తప్పేముందే? మేనరికం. కోటేష్ ఆటో నడుపుతుండు, మంచి పిల్లగాడు. నా ఇంట్ల ఉంటే నీకు రంది ఉండదు గద."

"దాని సీటు?"

"చదివింది చాలదా?"

చాలదు అని ఆమె అనలేదు. అరిచి గెలిచే చోటు కాదని తెలిసింది. పద్దెనిమిదేళ్లప్పుడు అరిచి గెలిచాననుకుంది, ఏమయిందో చూసింది కదా. సంఘంలో లోను అడుగుతాను, రెండు రోజుల్లో తెస్తాను అంది. తాత తల అడ్డంగా ఊపాడు. అప్పు తెచ్చి ఓలి కట్టకూడదు, అది కష్టార్జితమే అయి ఉండాలి, అది వాళ్ల కట్టుబాటు. అందుకే ఇన్నేళ్లు పట్టింది.

జంపక్క అడిగింది, "ఈడ ఆడమనిషికి కూలెంత?"

"నాలుగు వందలు," అంది శారద.

జంపక్క వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇల్లు నడిపిన మనిషికి ఈ లెక్క ఎంతసేపు? "ఆరు వేలకు పదిహేను రోజులు. పండుగకు ఇరవై ఉన్నయి. నీ చేన్ల పత్తికట్టె ఇంక పీకలేదు గద అన్నా? నేను పీకుత. రోజుకు నాలుగు వందలు చెల్లేసుకో."

వీరబాబు ఉలిక్కిపడ్డాడు. "ఏం మాటలే అవి! ఆడబిడ్డతోని కూలి చేయించుకుంటే ఊరు నా మొహాన ఉమ్మదా?"

"నన్ను అరవై వేలకు తూకమేసినప్పుడు ఉమ్మలే గద?"

తాత దగ్గాడు. ఆడమనిషి తన ఓలి తనే కట్టుకోవడం ఆయన వినలేదు, కనలేదు. కూడదని చెబుదామంటే అట్లాంటి కట్టుబాటు కూడా ఒకటి గుర్తుకు రాలేదు. ఎవరూ అడగని దానికి కట్టుబాటెవరు పెడతారు? "కష్టార్జితమైతే చాలు," అన్నాడు చివరికి, తనకే నమ్మకం లేనట్టు.

ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేసింది. "పదిహేను రోజులు రాను. నాగలక్ష్మి వండి పెడతది."

పగిడయ్య గొంతు తగ్గించాడు. "తెలిసిందా?"

"అవ్," అని పెట్టేసింది.

మర్నాటినుంచీ అన్న చేలో పత్తికట్టె పీకింది. ఎండిన పత్తికట్టె వేళ్లతో భూమిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, నడుం వంచి లాగితే గానీ రాదు. మూడో రోజుకు అరచేతులు బొబ్బలెక్కాయి. అయిదో రోజున వీరబాబు చేను గట్టు మీద నిలబడి దండం పెట్టాడు. "చాలు తల్లీ, ముట్టిందని చెప్త, ఇంటికి పో. ఊళ్ల తలెత్తలేకపోతున్న." జంపక్క నడుం ఎత్తకుండానే, "ఇంక పది రోజులున్నయి," అంది. ఊరికే వదిలేస్తే అది అన్న దయ అవుతుంది. దయ పెట్టినవాడు రేపు ఇంకేదో అడుగుతాడు. మొండిదని జనం అనుకుంటే అనుకోనీ, ఆ మాట ఆమెకు కొత్త కాదు.

ఎనిమిదో రోజు శారద కూడా కొంగు బిగించి చేలోకి దిగింది. "నా ఓలి కట్టింది నువ్వే గద జంపక్కా," అంది. పక్క సాలు పట్టుకుంది.

"పీకు గాని, నీది నా లెక్కల కలపకు," అంది జంపక్క. అట్లా అన్నందుకు మళ్లీ తనే బాధపడి, మధ్యాహ్నం తన జావలో సగం ఆమెకు పోసింది.

చేలో కూడా ఆమెకు తికమకగానే ఉండేది. ఒక గంట మొగుణ్ణి తిట్టుకునేది, ఇంకో గంట జాలిపడేది. అన్ని మాటలు కడుపులో పెట్టుకుని, ఏటా ఆ డబ్బు తెచ్చి, ఈ తాత వాకిట్లో తలొంచుకుని కూర్చున్నాడు కదా. అది ప్రేమా, మోసమా? రెండూనా? రెండూ ఒక్క మనిషిలో ఎట్లా ఉంటాయి? ఇంకో కట్టె పట్టి లాగేది.

పదిహేనో రోజు పొద్దుగూకే వేళకు తాత వాకిట్లో ఊరి పెద్దలు నలుగురు చేరారు. తాత చివరి ముడి విప్పి, తాడు నిటారుగా పట్టుకుని చూపించి, అడిగాడు. "ఓలి ముట్టింది. ఇయ్యాలటి నుంచి పిల్ల మీద మేనమామకు హక్కు లేదు. అందరి ముందు పేరు చెప్పాలె. ఎవరు కట్టినట్టు చెప్పమంటవ్ బిడ్డా, పగిడయ్య అనాల్నా?"

"ఏం జరిగిందో అదే చెప్పు తాతా," అంది జంపక్క.

తాత గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి, "యాభై నాలుగు వేలు మొగుడు పెండ్లాలు కట్టిన్రు. ఆరు వేలు జంపక్క కట్టింది," అన్నాడు. వీరబాబు కళ్లు తుడుచుకున్నాడు. సిగ్గో దుఃఖమో అతనికే తెలియాలి.

మర్నాడు ఆమె ఇల్లు చేరేసరికి పగిడయ్య వాకిట్లో గోడకు చేరగిలబడి, కట్టు కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయి లేవలేక మళ్లీ కూర్చున్నాడు. నాగలక్ష్మి నీళ్లకు బోరింగు దగ్గరికి పోయింది.

"తీరిందా?" అన్నాడు మెల్లగా.

"తీరింది. పిల్ల కాలేజికి పోతది."

అతను ఊపిరి పీల్చుకుని, తర్వాత కనుబొమలు ముడేశాడు. "డబ్బాల పదహారు ఉండె గద? ఆరు వేలు ఎటు పోయినయ్?"

"నీ బిడ్డ సీటుకు పోయినయ్. నువ్వు పంతొమ్మిదేండ్లు దాచినవ్, నేను అయిదు వారాలు దాచిన. ఇద్దరం ఇద్దరమే."

పగిడయ్య తల దించుకున్నాడు. "కోపమొచ్చిందా?"

"ఏమొచ్చిందో నాకే తెలుస్తలేదు," అంది జంపక్క. బొబ్బలెక్కిన అరచేతులు అతని మొహం ముందు పెట్టింది. "గాని ఒకటి విను. ఇన్నేండ్లు నేను నా ఇష్టంతోనే నీ ఇంట్ల ఉన్న అనుకున్న. నువ్వేమో సగం బాకీ మీద ఉంచుకున్నవ్. ఇప్పుడు నేను మా అన్నకు బాకీ లేను, నీకూ లేను. ఈ ఇంట్ల ఉండాల్నా వద్దా అనేది మొదటిసారి నేను నిజంగ అనుకోవాలె. అనుకుని చెప్త."

పగిడయ్య మొహం తెల్లబోయింది. "ఎప్పుడు చెప్తవ్?"

"తొందరేంది? కాళ్లు కడుక్కుంట, ముందు నీళ్లియ్యి."

పంతొమ్మిదేళ్లలో నీళ్లు తెమ్మని అతనికి ఎవరూ పని చెప్పలేదు. గోడ పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ, చెంబు కోసం పగిడయ్య లోపలికి వెళ్లాడు. జంపక్క గడప దాటకుండా బయటే నిలబడి ఎదురుచూసింది.